తప్పు పట్టేవాడు ఉన్నంతకాలమే కథ

నోటిమాటగా వచ్చిన కథల్ని నమ్మవచ్చా అని ఎవరైనా అడగ్గానే రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టుకు నలుగురి నోళ్ళలో పడ్డ మాటంటేనే చులకన. గోరంత కొండంత అవుతుందని, ముత్తాత కాలపు మాటకే దిక్కులేదని, వెయ్యేళ్ళ కథ ఎలా నిలుస్తుందని అడుగుతారు. రెండో జట్టు పూర్వీకులు పదివేల ఏళ్ళుగా అక్షరం పొల్లుపోకుండా అన్నీ కాపాడారని వాట్సాప్‌లో రోజూ పంపుతూ ఉంటుంది. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ‘ఎంత బాగా గుర్తుపెట్టుకున్నారు’ అన్న దగ్గరే ఇద్దరి ఆలోచనా ఆగిపోతోంది. నా వాదన ఏమిటంటే, జ్ఞాపకశక్తి ఇందులో చిన్న భాగం. చెప్పేవాడు తప్పు చెప్పినప్పుడు పట్టుకునేవాడు ఎవరు, పట్టుకోవడానికి వాడి దగ్గర ఉన్న ఉపాయం ఏమిటి, పట్టుకోకపోతే వాడికి వచ్చే నష్టమేమిటి? ఈ మూడింటికీ జవాబు దొరికిన చోట కథ నిలిచింది, దొరకని చోట కరిగిపోయింది. అదీ ఏ భాగాన్ని కాపాడాలని పట్టుబట్టారో ఆ భాగం వరకే.

మొదటి జట్టువాళ్ళు ఎప్పుడూ చూపించేది పిల్లలు వరసగా కూర్చుని చెవిలో మాట చెప్పుకునే ఆట. పదోవాడి దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది, నిజమే. కానీ ఆ ఆట నియమాలు చూడండి: గుసగుసగా చెప్పాలి, ఒక్కసారే చెప్పాలి, మళ్ళీ అడగకూడదు, పక్కవాళ్ళకు వినపడకూడదు. మాట చెడిపోవడానికి ఏమేం కావాలో అన్నీ కూర్చి కట్టిన ఆట అది. నిజంగా నిలిచిన సంప్రదాయాల్లో ఈ నాలుగూ తలకిందులుగా ఉంటాయి. గట్టిగా చెబుతారు, వందలసార్లు చెబుతారు, వెనక్కి అడుగుతారు, నలుగురి ముందు చెప్పిస్తారు.

తెలుగునాట దీనికి అన్నిటికంటే కట్టుదిట్టమైన ఉదాహరణ వేదపాఠశాలల్లో కనిపిస్తుంది. మన దగ్గర ఎక్కువగా చదివేది కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ. సంహిత, అంటే మూలపాఠం, ఒక్కటే 7 కాండలు, 44 ప్రశ్నలు (అధ్యాయాలు), 651 అనువాకాలు (చిన్న విభాగాలు). గురువు ఒకసారి చెబితే శిష్యులు రెండుసార్లు అంటారు. దీన్నే సంత చెప్పడం అంటారు. ముందు చిన్న చిన్న ముక్కలు, తరవాత ముక్కలు కలిపి, ఆ తరవాత అనువాకమంతా, ఆపైన రోజుల తరబడి ఆవృత్తులు. ఇంతవరకు ఇది వల్లెవేయడమే. వల్లెవేయడం ఒక్కటే ఉంటే మూడువేల ఏళ్ళు నిలిచేది కాదు. అసలు సంగతి సంహిత పూర్తయ్యాక మొదలవుతుంది.

‘ఓషధయః సం వదంతే సోమేన సహ రాజ్ఞా’ అన్న పాదం తీసుకుందాం. ఓషధులు తమ రాజైన సోముడితో మాట్లాడుకుంటున్నాయని అర్థం. మొదట పదపాఠం: ఓషధయః, సం, వదంతే, సోమేన, సహ, రాజ్ఞా అని సంధులు విడదీసి దేనికది చెప్పాలి. తరవాత క్రమపాఠం: ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అంటూ జంటలుగా. ఇందులో ప్రతి పదం రెండుసార్లు వస్తుంది. తరవాత జట: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. అంటే ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు. చివరికి ఘన: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. మన పాదంలో మొదటి మెట్టు ఇలా ఉంటుంది: ‘ఓషధయస్సం సమోషధయ ఓషధయస్సం వదంతే వదంతే సమోషధయ ఓషధయస్సం వదంతే’. తరవాత ‘సం’తో మొదలుపెట్టి రెండో మెట్టు, ‘వదంతే’తో మూడోది.

లెక్క వేసి చూడండి. ఒక్కో మెట్టులో 13 పదాలు పలకాలి. పాదం మధ్యలో ఉన్న ఏ పదమైనా తన మెట్టులో 5 సార్లు, ముందు మెట్టులో 5 సార్లు, దానికి ముందు మెట్టులో 3 సార్లు, మొత్తం 13 సార్లు నోట పడుతుంది. జటలో అయితే 6 సార్లు. ఎన్నిసార్లు అన్నదానికంటే ముఖ్యమైనది, ప్రతిసారీ పక్కన ఉండే పదం మారుతుంది. పక్క పదం మారితే సంధి మారుతుంది. ‘సం’ అన్న చిన్న పదం ‘వదంతే’ ముందు సున్నాతో ఉంటుంది, ‘ఓషధయః’ ముందు మకారమై ‘సమోషధయః’ అవుతుంది. స్వరమూ మారుతుంది. పైకెత్తి పలికేది ఉదాత్తం, దించి పలికేది అనుదాత్తం, పైనుంచి కిందికి జారేది స్వరితం. ఉదాత్తమైన ‘సం’ తరవాత వచ్చినప్పుడు ‘వదంతే’లోని ‘వ’ స్వరితం. అదే ‘వదంతే’ను ‘సం’కు ముందు చెప్పినప్పుడు చివరి ‘తే’ అనుదాత్తం.

ఇప్పుడు ఒక కుర్రవాడు ‘వదంతే’ బదులు ‘వదంతి’ అన్నాడనుకుందాం. అర్థంలో పెద్ద తేడా రాదు. మామూలు కథలో అయితే ఈ తప్పు ఎవరికీ వినపడకుండా దాటిపోతుంది. మనిషి జ్ఞాపకం ఎక్కువగా చేసే తప్పు కూడా ఇదే, అర్థాన్ని పట్టుకుని మాటను వదిలేయడం. ఘనలో ఆ వెసులుబాటు లేదు. వెనక్కు చదువుతున్నప్పుడు వాక్యానికి అర్థమే ఉండదు కాబట్టి అర్థం చెయ్యిపట్టి నడిపించదు. తప్పు ఒకచోట కాక 13 చోట్ల పంటికింద రాయిలా తగులుతుంది. పక్కన కూర్చున్న ఇంకో నలుగురు ‘తే’ అంటుంటే వీడి ‘తి’ 13 సార్లు విడిగా వినపడుతుంది. వాళ్ళు వేదార్థం తెలిసినవాళ్ళు కానక్కర్లేదు, చెవులుంటే చాలు.

ఇంకో రకం తప్పు ఉంది, ఒకచోటి నుంచి ఇంకోచోటికి జారిపోవడం. ఒకే పదబంధం రెండు అనువాకాల్లో వచ్చినప్పుడు, మొదటిదాంట్లో మొదలుపెట్టినవాడు తెలియకుండానే రెండోదాంట్లోకి వెళ్ళిపోతాడు. చెప్పింది ప్రతి అక్షరం సరైనదే, మధ్యలో సగం పేజీ మాత్రం మాయమవుతుంది. జట, ఘనలు దీన్ని పట్టుకోలేవు. దీనికి వేరే కట్టడి పెట్టారు. తైత్తిరీయ సంహితను 50 పదాలకొక ముక్కగా కోశారు, వాటిని పనసలు అంటారు. అనువాకం చివర ఆ ముక్కల గుర్తు పదాలు, ఆఖరి ముక్కలో మిగిలిన పదాల లెక్క కలిపి ఒక వాక్యంగా పెట్టారు. మొట్టమొదటి అనువాకం ‘ఇషే త్వా’ అని మొదలవుతుంది. దాని చివర ‘ఇషే త్రిచత్వారింశత్’ అని ఉంటుంది, అంటే 43 పదాలు. ప్రశ్న చివర అన్ని అనువాకాల మొదటి మాటలూ వరసగా ఉంటాయి. చిల్లర కొట్టువాడు రాత్రి గల్లాపెట్టె లెక్క సరిచూసుకున్నట్టు, చదివినదాన్ని ముగింపు దగ్గర సరిచూసుకునే ఏర్పాటు ఇది. ఆ లెక్క కూడా వేదంతో పాటు కంఠస్థం చేయాల్సిందే.

ఈ జట, ఘనల కట్టుదిట్టమంతా సంహితకే. అదే శాఖలోని మిగతా గ్రంథాలైన తైత్తిరీయ బ్రాహ్మణానికి, ఆరణ్యకానికి పదక్రమఘనలు లేవు. వాటిని స్వరంతో నేరుగా చదువుతారు. ‘వేదమంతా ఘనలో ఉంది’ అని చెప్పేవాళ్ళు ఈ తేడా గమనించరు.

సరే, లోపల ఇంత సరిచూసుకున్నారు, బయట నుంచి రుజువేమైనా ఉందా? నాకు అన్నిటికంటే నచ్చే రుజువు జర్మన్ భాషలో ఉంది. సంస్కృతంలో పితృ, భ్రాతృ శబ్దాలు రెండింట్లోనూ తకారమే. లాటిన్‌లోనూ పాటెర్, ఫ్రాటెర్. జర్మన్‌కు వచ్చేసరికి తండ్రి ఫాటర్, అన్నదమ్ముడు బ్రూడర్. ఒకదాంట్లో టకారం, ఒకదాంట్లో డకారం. ఒకే ధ్వని రెండు దారులు ఎందుకు పట్టిందో పందొమ్మిదో శతాబ్దపు పండితులకు చాలాకాలం అంతుపట్టలేదు. 1877లో కార్ల్ వెర్నర్ అనే డేనిష్ పండితుడు అచ్చు వేసిన వ్యాసం ఆ ముడి విప్పింది. వేదస్వరం చూడమన్నాడాయన. ‘పితా’లో ఉదాత్తం చివరి అక్షరం మీద ఉంది, ‘భ్రాతా’లో మొదటి అక్షరం మీద ఉంది. ఆ తేడాయే జర్మన్ హల్లుల్ని చీల్చింది. జర్మన్ భాషలు ఆ పాత స్వరస్థానాన్ని ఎప్పుడో పోగొట్టుకున్నాయి. దాని జాడ గోదావరి ఒడ్డునో కావేరి ఒడ్డునో, జర్మన్ అనే భాష ఒకటుందని కూడా తెలియని ఘనపాఠుల గొంతుల్లో మిగిలింది. ఒకరి మాట ఒకరికి తెలియని ఇద్దరు సాక్షులు ఒకే సంగతి చెప్పినట్టయింది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఇంతవరకు చదివి రెండో జట్టువాళ్ళు సంబరపడుతుంటే కాస్త ఆగాలి. ఈ కట్టడి పెట్టకముందే కొన్ని మార్పులు దూరాయి, తరవాత అవి కూడా తాళం పడి లోపలే ఉండిపోయాయి. ఋగ్వేదంలో ‘పావక’ అని చదువుతాం. ఆ పదం వచ్చిన చోట్ల ఛందస్సు మాత్రం మొదటి అక్షరం హ్రస్వం, రెండోది దీర్ఘం కావాలంటుంది, అంటే ‘పవాక’. కవి పలికింది ఒకటి, పాఠం గట్టిపడే వేళకు స్థిరపడింది ఇంకోటి. ఆనాటి నుంచి ఈనాటి దాకా ప్రతి శిష్యుడూ ‘పావక’ అని తు.చ. తప్పకుండా చదువుతున్నాడు. తప్పు పట్టే ఏర్పాటు తాను మొదలైన రోజున ఉన్నదాన్ని కాపాడుతుంది, అంతకుముందు జరిగినదానికి దాని పూచీ లేదు.

అర్థం సంగతి మరీ విచిత్రం. వేదపదాలకు అర్థం చెప్పే యాస్కుడి నిరుక్తంలోనే కౌత్సుడి వాదం ఉంది, మంత్రాలకు అర్థం లేదని. అంటే అప్పటికే చదివేవాళ్ళకు అర్థం అందకుండా పోతోందని అనుకోవచ్చు. ఋగ్వేదం తొమ్మిదో మండలంలో 114 సూక్తాలున్నాయి, దాదాపు అన్నీ సోమం గురించే. దంచడం, వడకట్టడం, పాలు కలపడం, రంగు, చప్పుడు, అన్నీ ఉన్నాయి. ఒక్క స్వరం పోలేదు. సోమం ఏ మొక్కో మాత్రం ఈరోజు ఎవరూ తేల్చి చెప్పలేరు. యజ్ఞాల్లో దాని బదులు వేరే తీగలు వాడుకోవడం ప్రాచీనకాలంలోనే మొదలైంది. పదాన్ని తప్పు పలికితే చెవి మెలేసే గురువు ఉన్నాడు. మొక్కను తప్పు తెస్తే ‘ఇది కాదు’ అని చెప్పడానికి ఆ మొక్క పెరిగే కొండ పక్కన లేదు. కాపలా ఉన్నది నిలిచింది, లేనిది పోయింది.

ఇంకో లోటు కూడా ఉంది. ఈ పద్ధతికి అరకొరగా బతకడం తెలియదు. పతంజలి మహాభాష్యం ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి 1000, అథర్వానికి 9 శాఖలు చెబుతుంది. ఇవాళ చదివేవాళ్ళున్నవి పదీ పదమూడు. ఒక తరంలో గురువు, నలుగురు శిష్యులు పోతే ఆ శాఖ మొత్తం పోయినట్టే. కథైతే ముక్కలుగానైనా ఎవరి నోటనో మిగులుతుంది.

ఆ కథల సంగతికి వద్దాం. గురజాల, మాచర్ల రాజ్యాలేలిన అన్నదమ్ముల మధ్య పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం చివర, 1180 ప్రాంతంలో జరిగిందంటారు. దాన్ని పాడేవాళ్ళు వీరవిద్యావంతులు. ఇక్కడ ఘన లేదు, జట లేదు, పదాల లెక్క లేదు. పాడేవాడు ప్రతిసారీ కొంత కొత్తగా అల్లుకుంటాడు. అయినా కథ ఎనిమిది వందల ఏళ్ళు విడిపోకుండా ఉంది. దేన్ని పట్టుకుని ఉంది?

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు జరిగే వీరుల ఉత్సవం చూస్తే తెలుస్తుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. ఆ పేర్లలో చాలావరకు కథలోని ఘట్టాలే. రాయబారం రోజున మాచర్ల తరఫున అలరాజు చేసిన రాయబారం, చర్లగుడిపాడులో అతనికి విషం పెట్టడం వరకు. మందపోరు రోజు మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు. కోడిపోరు రోజు కోడిపందెం, అందులో ఓడి మాచర్ల రాజు మలిదేవుడూ అతనివాళ్ళూ ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవడం. ఆఖరి రోజు యుద్ధం. గమనించారా, రోజుల వరస కథాక్రమం కాదు. కోడిపందెం ముందు, రాయబారం తరవాత జరగాలి. ఉత్సవానికి దాని వరస దానికుంది, కథకు కథ వరస ఉంది. రెండూ వేర్వేరుగా నిలవడం వల్ల ఒకదాన్ని బట్టి ఇంకోదాన్ని సరిచూసుకోవచ్చు. ఏ గాయకుడైనా రాయబారాన్ని ఎగ్గొడదామనుకుంటే ఆ రోజు ఏం పాడాలి?

ఉత్సవానికి ఆచారవంతులు, అంటే వీరుల పేరున ఆచారం నిలుపుకుంటున్న ఇళ్ళవాళ్ళు, వాళ్ళ వాళ్ళ వీరుల ఆయుధాలు పట్టుకొస్తారు. వాటిని కొణతాలంటారు. వాటికి నాగులేటి నీళ్ళలో స్నానం చేయిస్తారు. ఆ కొణతం ఎవరిదో ఆ ఇంటివాళ్ళకు తెలుసు. వాళ్ళ వీరుడి పేరు పాటలో రాకపోతే ఊరుకోరు. పైగా గురజాల, మాచర్ల, కారంపూడి, నాగులేరు అన్నీ కళ్ళెదుట ఉన్నాయి. మాచర్ల నుంచి కారంపూడికి ఎటు వెళ్ళాలో వినేవాళ్ళందరికీ తెలుసు, దారి తప్పు చెబితే నవ్వుతారు. కాబట్టి ఈ కథలో గట్టిగా నిలిచేవి పేర్లు, చుట్టరికాలు, ఊళ్ళు, ఘట్టాలు. సంభాషణలు, సైన్యాల లెక్కలు, వీరుల పుట్టుకల్లోని మహిమలు, గురజాల మంత్రి నాగమ్మ ఎంత దుర్మార్గురాలన్నది, ఇవన్నీ పాడేవాడి నేర్పును బట్టి, వినేవాళ్ళ ఇష్టాన్ని బట్టి పెరుగుతాయి, తరుగుతాయి. నాగమ్మ తరఫున కొణతం పట్టుకుని వచ్చి ‘అలా అనొద్దు’ అనేవాళ్ళు ఆ జనంలో ఎందరుంటారు? ఆమె పాత్ర అలా తయారవడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఈ కథ పాతదేనని వేరే సాక్ష్యం కూడా ఉంది. కాకతీయుల ఓరుగల్లును చూపించే, పద్నాలుగు పదిహేను శతాబ్దాల నాటి తెలుగు కావ్యం క్రీడాభిరామంలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడే ఘట్టం ఉంది. అంటే యుద్ధం జరిగిన రెండు మూడు వందల ఏళ్ళకే పాట పల్నాడు దాటిపోయింది.

పాడేవాళ్ళను అడిగితే ‘మా గురువు చెప్పినదాంట్లో ఒక్క మాట మార్చం’ అంటారు. అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు. 1930లలో అమెరికన్ పండితుడు మిల్మన్ పారీ యుగోస్లావియా గాయకుల పాటలు రికార్డు చేసినప్పుడు వాళ్ళూ ఈ మాటే అన్నారు. 1935లో ఆయన ఒక పరీక్ష పెట్టాడు. అవ్దో మెజెదోవిచ్ అనే గాయకుణ్ణి కూర్చోబెట్టి, అతను అంతకుముందు వినని పాటను ఇంకో గాయకుడి చేత పాడించాడు. అది 2294 పంక్తులు. వెంటనే అవ్దోను పాడమంటే అదే పాట 6313 పంక్తులైంది. కథ అదే, మనుషులు వాళ్ళే, ఘట్టాల వరస అదే. వర్ణనలు, మనసులోని మాటలు, గుర్రాల అలంకారాలు మూడింతలు. ఆ గాయకుల దృష్టిలో ‘అదే పాట’ అంటే ఘట్టాలు అవే ఉండటం. ఘనపాఠి దృష్టిలో ‘అదే’ అంటే స్వరం కూడా అదే ఉండటం. ఎవరి కొలబద్ద వాళ్ళది. వేదానికి పెట్టిన కొలబద్దతో ఇంకో వీరగాథ అయిన కాటమరాజు కథను కొలిచి అబద్ధమనడం ఎంత తప్పో, పల్నాటి కథలోని ప్రతి సంభాషణా జరిగినదే అని వాదించడం అంతే తప్పు.

తప్పు పట్టాల్సినవాడికే తప్పులో లాభం ఉంటే ఏమవుతుంది? ఆఫ్రికాలో ఇప్పటి ఘానాలో ఉన్న గొంజా రాజ్యం దీనికి పాఠంలాంటి ఉదాహరణ. రాజ్యస్థాపకుడు జక్పాకు ఏడుగురు కొడుకులని, ఒక్కొక్కరూ ఒక్కో విభాగానికి మూలపురుషుడని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ అధికారులు రాసుకున్నారు. ఆ తరవాత ఏడు విభాగాల్లో రెండు రాజ్యపటంలోంచి పోయాయి. అరవై ఏళ్ళకు మళ్ళీ అడిగితే జక్పాకు కొడుకులు అయిదుగురే అన్నారు. ఎవరూ కూర్చుని కుట్ర చేయలేదు. ఆ ఇద్దరి తరఫున అడిగేవాళ్ళు లేరు, అందుకని ఆ ఇద్దరూ లేకుండా పోయారు. మన దగ్గర పిచ్చికుంట్లవాళ్ళు, భట్రాజులు చెప్పే వంశావళుల్ని ఈ కళ్ళతోనే చూడాలి. గోత్రం, ఇంటిపేరు, వలస వచ్చిన ఊరు లాంటివి పెళ్ళి సంబంధాల దగ్గర పనికొస్తాయి, తప్పు చెబితే గొడవలవుతాయి, కాబట్టి నమ్మవచ్చు. మూలపురుషుడి ఘనత దగ్గరికి వచ్చేసరికి వినేవాడే దానం ఇచ్చేవాడు, వాడెందుకు అడ్డుపడతాడు?

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఏర్పాటు ఆస్ట్రేలియా ఆదివాసుల్లో ఉంది. తండ్రి తన నేలకు చెందిన కథల్ని కొడుక్కి నేర్పుతాడు. కొడుకు సరిగ్గా నేర్చుకున్నాడా, సరిగ్గా చెబుతున్నాడా అని చూసే బాధ్యత అతని అక్కచెల్లెళ్ళ పిల్లలది. అంటే మేనమామ చెప్పేదాన్ని మేనల్లుడు, మేనకోడలు సరిచూస్తారు. మూడు తరాలు ఒకేసారి ఒక కథకు కాపలా. మేనల్లుడి సొంత నేల వేరు కాబట్టి మామ కథను పెంచి చెబితే అతనికొచ్చే లాభమేమీ లేదు. ఘన ఎంత తెలివైన ఏర్పాటో ఇదీ అంతే తెలివైనదని నా అభిప్రాయం, కాకపోతే దీనికి చుట్టరికమే యంత్రం.

పాట్రిక్ నన్, నికోలస్ రీడ్ అనే పరిశోధకులు 2016లో ఆస్ట్రేలియా తీరం చుట్టూ 21 చోట్ల నుంచి సముద్రం పైకొచ్చి నేలను ముంచిన కథల్ని ఒకచోట చేర్చారు. మంచుయుగం తరవాత సముద్రం సుమారు 120 మీటర్లు పెరిగి, దాదాపు 7000 ఏళ్ళ కిందట స్థిరపడింది కాబట్టి ఈ కథలు కనీసం అంత పాతవి అయ్యుండాలని వాళ్ళ వాదం. దక్షిణ తీరంలో న్గురుందెరి అనే పూర్వపురుషుడి కథ ఉంది. పారిపోతున్న భార్యలు ఇప్పటి కంగారూ దీవికి నడిచి వెళ్తుంటే అతను సముద్రాన్ని పైకి రమ్మన్నాడని, వాళ్ళు మునిగి రాళ్ళయ్యారని. ఆ రాళ్ళు ఇప్పటికీ చూపిస్తారు. నాకు వాదం చాలావరకు నచ్చుతుంది, అన్నిచోట్లా కాదు. మెల్‌బోర్న్ దగ్గరి పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒకప్పుడు కంగారూలను వేటాడిన మైదానమన్న కథనే తీసుకోండి. ఆ అఖాతం ముఖద్వారం ఇసుకతో పూడిపోయి, సుమారు 2800 నుంచి 1000 ఏళ్ళ కిందటి మధ్యకాలంలో చాలాభాగం ఎండిపోయిందని అడుగు మట్టి పరిశీలనలు సూచించాయి. అలాగైతే ఆ కథ వయసు 7000 ఏళ్ళు కానక్కర్లేదు, వెయ్యేళ్ళు చాలు. కథ నిజమే కావచ్చు, వయసు మాత్రం వేరే దారిలో తేల్చుకోవాలి.

కథను వీలైనంత చిన్నదిగా చేసి కాపాడటం ఇంకో దారి. సుమత్రా పక్కన సిములుయే దీవిలో 1907లో భూకంపం, వెంటనే సునామీ వచ్చి చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు దానికి ‘స్మాంగ్’ అని పేరు పెట్టి పిల్లలకు పాటల్లో, కథల్లో చెప్పారు. అందులో ఉన్నది మూడే ముక్కలు: నేల గట్టిగా ఊగుతుంది, సముద్రం వెనక్కి పోతుంది, వెంటనే కొండెక్కు. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి దగ్గర్లో ఉన్న ఆ దీవికి పది నిమిషాల లోపే అలలు వచ్చాయి. సుమారు 78,000 మందిలో చనిపోయింది ఏడుగురు. అదే రోజు ఎంతో దూరాన ఉన్న మన కోస్తాలో, రెండున్నర గంటల వ్యవధి ఉండి కూడా, వందమందికి పైగా పోయారు. స్మాంగ్ పాటలో వీరుడు లేడు, మహిమ లేదు, పెంచుకోవడానికి చోటు లేదు.

ఇంట్లో పెద్దవాళ్ళ నుంచి, ఊళ్ళో కథకుల నుంచి రికార్డు చేసుకుంటున్నవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మంచిపనే. ఎక్కువగా చెడిపోయేది తేదీల దగ్గర. మనవాళ్ళు సంవత్సరాల్ని తెలుగు పేర్లతో గుర్తుపెట్టుకుంటారు, నందన కరువు, ధాత కరువు అని. మంచి కొక్కెమే, కాకపోతే 60 ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగొస్తుంది. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన నందన కరువు 1832-33 నాటిది. దాన్ని 1892కు తెచ్చి పెడితే వంశవృక్షంలో రెండు తరాలు ఎగిరిపోతాయి. కాబట్టి ‘ఏ సంవత్సరం’ అని అడగకూడదు. ‘అప్పటికి మీ నాయనమ్మకు పెళ్ళయిందా’, ‘రైలు వచ్చిందా’, ‘ఆనకట్ట కట్టారా’ అని అడగాలి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. ఇలాంటి రెండో గుర్తు దొరికితే ఏ నందనో తేలిపోతుంది.

రెండోది, మధ్య తరాలు జారిపోవడం. తాతల దాకా స్పష్టంగా ఉంటుంది, మూలపురుషుడు స్పష్టంగా ఉంటాడు, మధ్యలో ముగ్గురు నలుగురు కనపడరు. అప్పుడు ‘ముత్తాత తండ్రే ఊరు కట్టించాడు’ అని అతికించేస్తారు. అన్నదమ్ముల పాయల్ని విడివిడిగా, ఒకరు చెప్పేది ఇంకొకరు వినకుండా అడిగితే ఈ అతుకు బయటపడుతుంది. ఎప్పుడో ఆస్తి దగ్గర విడిపోయి మాటల్లేని రెండు కుటుంబాలు ఒకే సంగతి చెబితే దానికి విలువెక్కువ.

మూడోది అచ్చు, సినిమా. ద్విపద ఛందస్సులో ఉన్న పల్నాటి కథను 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చు వేయించారు. సినిమాగా 1947లో ఒకసారి, 1966లో ఒకసారి వచ్చింది. ఆ తరవాత ఎవరు పాడినా అందులో పుస్తకం ఎంత, సినిమా ఎంత, గురువు చెప్పింది ఎంత అన్నది విడదీసుకోవాలి. అచ్చులో లేని ఊరిపేరో, చుట్టరికమో, వరసో పాటలో వస్తే దాన్ని ముందు రాసుకోండి, అది బయట నుంచి వచ్చిన అవకాశం తక్కువ. వీలైతే కథ జరిగిన చోటికే తీసుకెళ్ళి చెప్పించండి. చెరువుగట్టు మీద నిలబడితే ఇంటి అరుగు మీద గుర్తురానివి గుర్తొస్తాయి.

రెండు పాఠాలు దొరికితే కలిపి ఒకటి చేయకండి. ఎవరు, ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర నేర్చుకుని చెప్పారో రాసి దేనికది ఉంచండి. రికార్డింగు మధ్యలో పక్కనున్న ముసలమ్మ ‘అది కాదురా, ముందు చిన్నవాడు పోయాడు, తరవాతే పెద్దవాడు’ అని అడ్డుపడితే, చెప్పేవాడు తడబడి సర్దుకుంటే, చాలామంది ఆ ముక్కను ఎడిటింగులో కోసేస్తారు. కోయకండి. ఆమె ఎవరో, కథకుడికి ఏమవుతుందో, అతను ఆమె మాట ఒప్పుకున్నాడో లేదో కూడా పక్కన రాసుకోండి.